శాప పద్యం మినహా

పొద్దున్నే కల్లంలో కాయ తిరగేసేటప్పుడు బుల్లయ్య నోరు ఊరుకోదు. ముందురోజు ఎక్కడో నాటకం చూసొచ్చి ఉంటాడు. పంచె ఎగ్గట్టి, ఎండు మిరపకాయల్ని కాళ్ళతో నెట్టుకుంటూ, ఆ నాటకాన్ని మొదటినుంచీ చివరిదాకా చెప్పుకొస్తాడు. నీడన కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వింటారు. ఘాటుకి దగ్గొస్తే దగ్గుతారు, మళ్ళీ వింటారు.

"మార్టూరోళ్ళ 'కెందమ్మి శాపం' చూడాలే మీరు! స్టేజీ వెనకాల మొత్తం టీవీ తెరే. తెరలో కోట, కోట మీద మబ్బులు, మబ్బుల్లో మెరుపులు. కెందమ్మిగా వేసిన తేజశ్రీ చక్కని పిల్లే. కానీ పద్యానికి పెదాలాడిస్తుందంతే. ముందే రికార్డు చేసి పెట్టుకున్నారు. శాపం దగ్గరికి వచ్చేసరికి తీగలు కట్టి ఆ పిల్లని పైకి లేపారు. కొడుకు పోయిన తల్లి ఎగురుకుంటూ శపిస్తదా ఎక్కడన్నా?"

"మరి కొత్తపట్నం వాళ్ళదో?" అని చాంద్‌బీ అడిగింది, చేతిలో కాయ విసిరేసి.

"అది వేరు. చేపలు పట్టేవాళ్ళు కట్టిన నాటకం. కెందమ్మి మగాడే. పౌడరు కిందనుంచి గడ్డం కనబడతానే ఉంది. హార్మోనియం ఒక దారి, మనిషి ఒక దారి. కానీ కొడుకు శవం మీద పడి ఏడిచాడు చూడూ, సముద్రంలో మనిషిని పోగొట్టుకున్నోడు ఏడిచే ఏడుపది. పద్యం అయ్యాక ఒడ్డున పడవ మీద ఎర్రరంగు కాస్త వెలిసింది. నా కళ్ళతో చూశా."

"ఉప్పుగాలికి వెలిసుంటదిలే."

"సరే, ఉప్పుగాలే అనుకో. పొదిలోళ్ళు ఆ మాత్రం కూడా చెయ్యలా. ఎర్రలైటు ఆపి తెల్లలైటు వేశారు. ఎరుపు పోయిందనుకోమని మనకి చెప్పడమన్నమాట."

ఆ పక్క ఊళ్ళలో ఈ నాటకం కథ తెలియనివాళ్ళు లేరు. కెందమ్మి రాజుకి పాలిచ్చి పెంచిన దాది. కరువొస్తే రాజు ధాన్యపు కొట్లకి తాళాలు వేయిస్తాడు. కెందమ్మి సొంత కొడుకు, రాజుతో పాటు ఒకే రొమ్ము తాగి పెరిగినవాడు, తాళం పగలగొట్టి జనానికి గింజలు పంచుతాడు. రాజు వాడి తల తీయిస్తాడు. చివరి రంగంలో కెందమ్మి కొడుకుని ఒళ్ళో పెట్టుకుని, తను పెంచిన రాజుని శపిస్తుంది, నీ రాజ్యంలో ఎరుపన్నది మిగలదని. ఆ ఒక్క పద్యం కోసమే జనం అంతసేపూ కూర్చుంటారు.

ఎవరు చదివినా అది పద్యమే. కెందమ్మి వేషం కట్టే కోటిరత్నం చదివితే మాత్రం ఎరుపు పోయేది. పద్యం ఎంత దూరం వినబడితే అంత దూరం కుంకుమ తెల్లబడేది, చీర అంచు తెల్లబడేది, కల్లంలో కాయ తెల్లబడేది. కాయలో ఘాటు అలాగే ఉండేది, కానీ రంగు లేని కాయని ఎవడు కొంటాడు? అందుకని ఆమె నాటకానికి కరపత్రం వేస్తే అడుగున చిన్న అక్షరాలతో 'శాప పద్యం మినహా' అని వేసేవాళ్ళు. వర్షం వస్తే ప్రదర్శన మర్నాటికి వాయిదా అని వేస్తారు చూడండి, అలాగే.

నాటకమంతా ఆడేది కోటిరత్నం. చివర్లో కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి, తల పైకెత్తి, నోరు తెరిచేది. అక్కడ తెర దించేసేవాళ్ళు. నాటక పరిషత్తు పోటీల్లో ఉత్తమ నటి బహుమతి ఏనాడూ ఆమెకి రాలేదు. పాత్ర పూర్తి కాలేదు కదండీ, మార్కులు ఎలా వేస్తాం అనేవాళ్ళు న్యాయనిర్ణేతలు. అందులోనూ అన్యాయమేమీ లేదు. ఒకసారి హైదరాబాదులో మిరపకాయల బెడద లేదు కదా అని మొత్తం చదవనిచ్చారు. హాల్లో కుర్చీల ఎర్ర మఖమలంతా తెల్లబడింది. ఆ తరవాత ఏ హాలువాళ్ళూ ఆమెకి తేదీ ఇవ్వలేదు.

బుల్లయ్య ఆ పద్యాన్ని ఒక్కసారి పూర్తిగా విన్నాడు. మొట్టమొదటిసారి కోటిరత్నం కెందమ్మి వేషం కట్టింది వాళ్ళ ఊళ్ళోనే. అప్పటికి ఆమె సంగతి ఎవరికీ తెలియదు, ఆమెకీ తెలియదు. బుల్లయ్యకి పెళ్ళయి నెల. పక్కన రాఘవమ్మ పెళ్ళిచీరలో కూర్చుని ఉంది. ఎర్రచీర. స్టేజీ వెనకాలే కల్లం, కల్లంలో బుల్లయ్య తండ్రి పండించిన కాయ రాశులు. సన్నగా, చిన్నపిల్లలా ఉన్న కోటిరత్నం కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని అందుకుంది.

కుంకుమందు లేదు, కొలిమి మంటన లేదు,
సంజె మొగమునందు జాడ లేదు,
ఎరుపు మాసిపోవు నేలిక! నీ నేల
తల్లి కన్ను తప్ప తక్కినంత!

 తను ఏడుస్తున్నట్టు కూడా బుల్లయ్యకి తెలియలేదు. తెలిసేసరికి పక్కనుంచి వాళ్ళమ్మ కేక పెట్టింది. రాఘవమ్మ చీర తెల్లగా ఉంది. నుదుట బొట్టు విభూది పెట్టినట్టు ఉంది. కల్లంలో పత్తి ఆరబోసినట్టు కాయ తెల్లగా మెరుస్తోంది.

ఆ ఏడు వాగు పక్క చేను అమ్మేశారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో కౌలు సేద్యమే. పెళ్ళయిన నెలకే ముత్తైదువని తెల్లచీరలో చూశామని చుట్టాలు చాలాకాలం రాఘవమ్మని పేరంటాలకి పిలవలేదు. ఆమె మళ్ళీ నాటకమన్న దాని ముఖం చూడలేదు. బుల్లయ్య సంగతి వేరు. తన ఇల్లు మునిగింది ఆ పద్యం వల్లేనని తెలుసు. అయినా దాన్ని ఇంకొక్కసారి వినాలన్న కోరిక అతనికి చావలేదు. మార్టూరూ కొత్తపట్నం పొదిలీ తిరిగి అందరి నాటకాలూ చూసేది, వాళ్ళలో ఎవరి గొంతులోనన్నా ఆ సాయంత్రం దొరుకుతుందేమోనని. ఈ మాట ఇంట్లో చెప్పే ధైర్యం లేదు.

ఈ ఏడు కాయ విరగకాసింది. అందరికీ విరగకాసింది. గుంటూరు మిర్చి యార్డు నిండి, రోడ్డు మీదికి పొర్లింది. కొడుకు కోటేష్ ట్రాక్టరులో కాయ తీసుకెళ్ళి, దించకుండానే వెనక్కి తెచ్చాడు.

"అడిగేవాడు లేడు నాన్నా. అమ్మితే కోత కూలి కూడా రాదు. కోల్డ్ స్టోరేజీల్లో పెడదామంటే చోటు లేదంటున్నారు," అని రాశి పక్కన కూలబడ్డాడు.

కొడుకు ముఖం చూస్తూ నిలబడ్డాడు బుల్లయ్య. అప్పుడు అతని మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన కొడుకు గురించి కాదు. ఈ కాయ తెల్లబడితే మాత్రం ఇప్పుడు పోయేదేముంది అనిపించింది. ఆ వెనకే సంతోషం వచ్చింది. తలుపు సందులోంచి పిల్లి దూరినట్టు దూరింది. ఛీ అనుకున్నాడు. అది బయటికి పోలేదు.

ఊళ్ళో మైకు సెట్లు అద్దెకిచ్చే సిలార్ దగ్గరికి వెళ్ళాడు. సిలార్ కోటిరత్నానికి మొదటినుంచీ హార్మోనిస్టు.

"ఒరేయ్, నీకు మతిగానీ పోయిందా? పద్యం చదివిస్తావా? కాయంతా కల్లాల మీదుంటే?" అన్నాడు సిలార్.

"ఎరుపుంటే ఏమొచ్చిందిరా? పోతే ఏం పోయిద్ది?"

సిలార్ తల గోక్కుని అతని వెంట ఊళ్ళోకి బయలుదేరాడు. ఊళ్ళోవాళ్ళనీ అదే అడిగారు. కొందరికి కోపం, కొందరికి కసి. పోనీ, తగలబెట్టుకునే బదులు పద్యమన్నా విందాం అన్నారు. కోటేష్‌ని అడిగితే, "నీ ఇష్టం నాన్నా," అన్నాడు. ఆ గొంతులో అవుననీ లేదు, కాదనీ లేదు. రాఘవమ్మ మాత్రం చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అంది:

"ఒకసారి చూసి కడుపు నిండలా నీకు?"

బుల్లయ్యా, సిలారూ పొదిలి వెళ్ళారు. కోటిరత్నం అక్కడ రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. అరవై దగ్గర పడినా నడుము వంగలేదు. మంచినీళ్ళిచ్చి, వాళ్ళు చెప్పిందంతా వింది.

"కాయ బాగున్నన్నాళ్ళూ తెర దించారు," అంది. "చెత్తయ్యాక పిలవడానికొచ్చారు. ఇన్నాళ్ళూ నా పద్యం మీ మిరపకాయ కన్నా తక్కువ. ఇప్పుడు రెండూ సమానమైనయ్యన్నమాట."

"అది కాదమ్మా..." అన్నాడు బుల్లయ్య.

"అదే. అయినా వస్తాను. ఎప్పుడో చెప్పండి."

ట్రాక్టరు ట్రక్కులు రెండు కలిపి కల్లంలోనే స్టేజీ కట్టారు. పొద్దు వాలుతుండగా నాటకం మొదలైంది. ఆడవాళ్ళు పాత సంగతి గుర్తుంచుకుని బొట్టు చెరుపుకుని, నీలం చీరలూ పసుపు చీరలూ కట్టుకుని వచ్చారు. రాఘవమ్మ రాలేదు. కల్లం చివర తమ రాశి దగ్గర, స్టేజీకి వీపు పెట్టి కూర్చుంది.

చివరి రంగంలో కోటిరత్నం నోరు తెరిచింది. తెర దించేవాళ్ళు లేరు. ఒక్క క్షణం ఆమెకే నమ్మకం కలగనట్టు ఆగింది. తరవాత అందుకుంది.

వయసులో చదివినప్పుడు ఆ పద్యంలో నిప్పుండేది. ఇప్పుడు నిప్పు లేదు. కొడుకుని పోగొట్టుకుని, దుఃఖం కూడా పాతబడిపోయిన తల్లి, ఇక చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నట్టుగా ఉంది. రాజుని తిట్టడం లేదు, జరగబోయేది చెబుతోంది. ఆ నెమ్మదికే బుల్లయ్య ముందుకు వంగి కూర్చున్నాడు. మొదటిదాన్ని మించింది అనుకున్నాడు. ఎరుపు ముందు స్టేజీ పక్క రాశి మీదనుంచి పోయింది, తరవాత దాని పక్కది. నీడ జరిగినట్టు జరుగుతూ కల్లం చివరిదాకా పోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు ఏడుస్తూ కొట్టారు.

బుల్లయ్య సంతోషం పట్టలేక కల్లం చివరికి పరిగెత్తాడు, ఎవరికో ఒకరికి చెప్పాలని. రాఘవమ్మ తెల్లటి రాశి ముందు కూర్చుని, ఒక కాయ చేతిలో పట్టుకుని ఉంది. తల తిప్పి చూసింది. కనుచూపు మేరలో ఎర్రగా ఉన్నవి ఆమె కళ్ళే. 

నాలుగు రోజులకి ఊళ్ళోకి కారొచ్చింది. దిగిన మనిషి పేరు శ్రీకృష్ణ. గుంటూరు చుట్టుపక్కల ఆయనకి కోల్డ్ స్టోరేజీలున్నాయి. ఆయన పరిషత్తు నాటకాలకి న్యాయనిర్ణేతగా కూడా వెళుతుంటాడు. ఆ సాయంత్రం జనం వెనకాల నిలబడి నాటకం చూశానని చెప్పి, బుల్లయ్య ఇంటి ముందు నులకమంచం మీద కూర్చున్నాడు.

"'తప్ప' అన్నాక ఆవిడ చిన్న ఊపిరి తీసుకున్నారు, గమనించారా బుల్లయ్య గారూ? తేజశ్రీ అక్కడ రాగం సాగదీస్తుంది. పొదిలివాళ్ళు అసలు ఆగరు. ఈవిడ ఆగారు. తల్లి కన్ను తలుచుకుంటే ఇక మాట రానట్టు."

బుల్లయ్య ముఖం వెలిగిపోయింది. కల్లంలో ఇన్నేళ్ళుగా చెబుతున్నా ఇలా మాట్లాడిన మనిషి లేడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు. తీగలు కట్టి లేపడం గురించి, పౌడరు కింద గడ్డం గురించి, మైకుకి చదవడానికీ మనిషికి చదవడానికీ తేడా గురించి. శ్రీకృష్ణకి అన్నీ తెలుసు, అన్నీ ఇష్టం. నటించలేదు ఆయన.

"ఇంత గొప్ప నటి మూలన పడి ఉండటం మన సిగ్గు," అన్నాడు లేస్తూ. "ఊరూరా ప్రదర్శనలు పెట్టిద్దాం. టిక్కెట్టు లేకుండా. మొత్తం పద్యంతో. ఆవిడ ఎక్కడుంటారు?"

బుల్లయ్య చెప్పాడు. ఇంటి గుర్తులు కూడా చెప్పాడు.

కోటిరత్నానికి శాలువా కప్పారు. కారు పంపారు. కరపత్రాల మీద ఆమె బొమ్మ పెద్దదిగా వేశారు, అడుగున చిన్న అక్షరాలు లేవు. రేటు లేదు కదా అని ఏ ఊరివాళ్ళూ వద్దనలేదు. ఊరి వెంట ఊరు కల్లాలు తెల్లబడుతూ వచ్చాయి. బుల్లయ్య వీలైనప్పుడల్లా వెళ్ళి చూశాడు. యద్దనపూడి దగ్గర చదివింది పర్చూరు వైపు చదివినదాని కన్నా బాగుందనీ, చివరి పాదం మాత్రం తమ ఊళ్ళో చదివిందే బాగుందనీ చాంద్‌బీకి చెప్పాడు. కల్లంలో ఏరడానికి ఇప్పుడు కాయ లేదు. ఆమె వాకిలి ఊడుస్తూ వింది.

ఎర్రకాయ తగ్గేకొద్దీ రేటు లేచింది. ముందు మెల్లగా, తరవాత పరుగున. ఎర్రకాయ ఎక్కడుంది? కోల్డ్ స్టోరేజీల్లో ఉంది. ఆ మందపాటి గోడల్లోకి పద్యం వినబడదు.

కోటేష్ ఫోనులో ఆ రోజు రేటు చూసి, పొలం గట్టున ఫోను పక్కన పెట్టి కూర్చున్నాడు. వారం తిరక్కుండా కౌలు వదిలేశాడు. మార్టూరులో రాళ్ళు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. బట్టల సంచి భుజానికి తగిలించుకుని తండ్రితో అన్నాడు:

"నీ తప్పేముందిలే నాన్నా. రేటు పెరుగుద్దని ఎవరికి తెలుసు?"

తిట్టి ఉంటే బాగుండేది. రాఘవమ్మ కొడుకు వెనకాలే రోడ్డుదాకా వెళ్ళింది. తిరిగొచ్చాక మొగుడికి అన్నం పెట్టి, తను తినకుండా పడుకుంది.

రేటు పెరుగుద్దని ఎవరికి తెలుసో సిలార్ వచ్చి చెప్పాడు. ఆ ప్రదర్శనలకి మైకు సెట్టు అతనిదే.

"నేనొక మాట చెబుతా, కోప్పడకు. ప్రతి ఊళ్ళోనూ శ్రీకృష్ణ మనుషులే మైకు హారన్లు కట్టిస్తన్నారు. జనం వైపు ఒకటి పెట్టమంటారు. మిగతావన్నీ కల్లాల వైపు తిప్పమంటారు."

బుల్లయ్యకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన కోల్డ్ స్టోరేజీల్లో ఉన్న ఎర్రకాయ గుర్తొచ్చింది.

"నాటకం తెలిసిన మనిషిరా ఆయన," అన్నాడు.

"తెలుసులే. తెలియకపోతే ఆమెనే ఎందుకు పిలుస్తాడు?" అని, జేబులోంచి కరపత్రం తీశాడు సిలార్. "ఇది చూడు. రేపు పొదిలి పక్కన. మెట్ట పంట కదా, అక్కడ కాయ ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడే కల్లాల మీదుంది. ఇంత రేటు ఉండగా పద్యం ఎవడు చదవనిస్తాడు?"

కరపత్రం అడుగున చిన్న అక్షరాలు మళ్ళీ వచ్చి ఉన్నాయి. శాప పద్యం మినహా.

"మరి చదవదుగా?"

"మొత్తం చదవాలని ఆయన మనుషులు నాకు చెప్పారు," అన్నాడు సిలార్.

మర్నాడు సాయంత్రం బుల్లయ్య ఆ ఊరు చేరేసరికి జనం ఎడ్లబండ్ల మీద, ఆటోల మీద వస్తున్నారు. కరపత్రాన్ని నమ్మి ఆడవాళ్ళు ఎర్రబొట్లతోనే వచ్చారు. ఊరి చుట్టూ కల్లాల్లో కాయ ఆ వాలు పొద్దులో నిప్పులు పోసినట్టుంది. మేకప్ గదిలో కోటిరత్నం అద్దం ముందు కూర్చుని ఉంది. బుల్లయ్య కరపత్రం ఆమె ముందు పెట్టాడు.

"చూశానండి పొద్దున్నే," అంది.

"హారన్ల సంగతి..."

"అదీ తెలుసు. మూడో ఊళ్ళోనే తెలిసింది."

"తెలిసీ చదువుతున్నారా అమ్మా?"

ఆమె అద్దంలోంచే అతన్ని చూసింది. "ఇది నేను పుట్టిన ఊరు బుల్లయ్య గారూ. ఈ ఊళ్ళో ఎన్నిసార్లు నోరు తెరిచి, తెర వెనకాల మూసుకున్నానో. తెర పడగానే వీళ్ళు ఇళ్ళకి పోయి హాయిగా అన్నాలు తిన్నారు. నాకు ముద్ద దిగిందా అని ఒక్కరన్నా అడిగారా? ఆ శ్రీకృష్ణ దొంగే అవ్వచ్చు. చదవమన్నది ఆయనొక్కడే."

"నేనూ చదవమన్నానమ్మా."

"అన్నారు. అందుకే మీరు వేరనుకున్నా. ఇప్పుడు మీకూ కాయే కనబడుతోందా?"

"మా అబ్బాయి కనబడుతున్నాడమ్మా," అన్నాడు బుల్లయ్య.

 కోటిరత్నం కుంకుమ తీసి నుదుట పెద్దగా పెట్టుకుంది. "వెళ్ళి ముందు వరసలో కూర్చోండి. మంచిగా వినబడుతుంది," అంది.

ముందు వరసలో శ్రీకృష్ణ పక్కన అతని కోసం కుర్చీ ఖాళీగానే ఉంది. శ్రీకృష్ణ దూరంనుంచి ఆప్యాయంగా చెయ్యి ఊపాడు. బుల్లయ్య వెళ్ళలేదు. స్టేజీ వెనకాల, చింతచెట్టు కింద జనరేటరు దగ్గర నిలబడ్డాడు. నాటకమంతా అక్కడినుంచే విన్నాడు. కొడుకు చచ్చిపోవడం విన్నాడు, కెందమ్మి ఏడుపు విన్నాడు. హార్మోనియం పద్యానికి శ్రుతి పట్టింది. కోటిరత్నం రాగం అందుకుంది.

అంత బాగా ఆమె ఏనాడూ అందుకోలేదు. పుట్టిన ఊరు కావడం వల్లో, కసి వల్లో, గొంతు నేలలోంచి వస్తున్నట్టుంది. బుల్లయ్య కళ్ళు మూసుకున్నాడు. ఒక్క పద్యం. విని ఆపితే ఏం? కానీ విన్నాక ఆపడానికి ఏమీ ఉండదు. 'కుంకుమందు' అన్న మాట హారన్లలోంచి బయటికి రాబోతుండగా జనరేటరు ఆపేశాడు.

లైట్లు పోయాయి. మైకు పోయింది. "కరెంటూ! కరెంటూ!" అని జనం ఈలలు, కేకలు. పిల్లల ఏడుపులు, కుర్చీలు జరిగిన చప్పుళ్ళు. ఆ గోలలో బుల్లయ్యకి ఒక్క అక్షరం వినబడలేదు. ఆమె మాత్రం ఆపలేదు. మసక వెలుతురులో, మైకు లేకుండా, నాలుగు పాదాలూ చదివింది. మూరెడు దూరంలో ఉన్న సిలార్‌కి కూడా ఆమె మెడ నరాలు ఉబ్బడమే కనబడింది, గొంతు వినబడలేదంట. జనరేటరు మళ్ళీ వేసేసరికి ఆమె కొడుకు శవం మీద వాలిపోయి ఉంది. బొట్లన్నీ ఎర్రగానే ఉన్నాయి. కల్లాలూ ఎర్రగానే ఉన్నాయి. మాట తప్పకుండా పద్యం మానేశారని పొదిలి రైతులు నాటకం పెట్టించిన కమిటీవాళ్ళని మెచ్చుకున్నారు.

తెల్లారేసరికి కోటిరత్నానికి మాట లేదు. ఒంగోలు తీసుకెళితే డాక్టరు టార్చి వేసి చూశాడు. వాపు లేదు, పుండు లేదు. నాలుక, కొండనాలుక, గొంతు లోపల కనబడినంత మేరా తెల్లగా ఉంది, పత్తికాయ విచ్చినట్టు. మందేమీ రాయలేదు.

"బయటికి పోవాల్సింది లోపలే ఉండిపోయింది," అన్నాడు సిలార్ బుల్లయ్యతో.  హార్మోనియానికి గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాడు.

పొదిలివైపు కాయ మంచి రేటుకి పోయింది. శ్రీకృష్ణ నిలవ కాయ కూడా పోయింది. ఆ తరవాత ఆయన పొదిలి రాలేదు. తేజశ్రీ నాటకానికి న్యాయనిర్ణేతగా వెళ్ళాడని తెలిసింది.

కొన్నాళ్ళు ఆగి, బుల్లయ్య బస్సెక్కి పొదిలి వెళ్ళాడు. కోటిరత్నం తలుపు తీసింది. మనిషి అలాగే ఉంది. వాకిట్లో చేటలో ఎర్రటి కాయలు ఎండుతున్నాయి, పక్కింటి రైతు ఎవరో ఇచ్చి ఉంటారు.

"జనరేటరు ఆపింది నేనేనమ్మా," అన్నాడు గడపలోనే నిలబడి.

తెలుసన్నట్టు తలాడించింది. లోపలికి రమ్మని సైగ చేసింది. స్టూలు లాగి వేసింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, పొమ్మని గుమ్మం చూపిస్తుందేమో అనుకుంటూ కూర్చున్నాడు.

కోటిరత్నం కొంగు నడుముకి చుట్టి నేల మీద కూర్చుంది. ఒళ్ళో లేని కొడుకు నుదుటి మీద చెయ్యి వేసింది. తల పైకెత్తి నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. కుంకుమ అని కదిలాయి, కొలిమి అని కదిలాయి. ఒక్క అక్షరం మింగలేదు, ఒక్కచోట తొందరపడలేదు. ఊపిరి చప్పుడు తప్ప ఆ గదిలో ఇంకేమీ లేదు. బుల్లయ్య మధ్యలో ఒకసారి వాకిట్లోకి చూశాడు. చేటలో కాయలు ఎర్రగానే ఉన్నాయి.

పద్యం అయిపోయింది. ఆమె లేచి నిలబడి, స్టేజీ మీద నిలబడినట్టే నిలబడి, అతనివైపు చూసింది. బుల్లయ్య చప్పట్లు కొట్టబోయి రెండు చేతులూ దగ్గరికి తెచ్చాడు. ఆ నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఎలా ఉంటుందో తోచి చేతులు అక్కడే ఆగిపోయాయి.

ఆమె చూస్తూనే ఉంది.